రంగును బట్టి బడి: దక్షిణాఫ్రికా చరిత్రలో ఒక పాఠం

మన పూర్వ విద్యార్థుల సంఘం 1976లో మొదలైంది. ఆనాటి బడి గంట గురించి, రేకుల షెడ్డులో సాగిన తరగతుల గురించి, మనల్ని మనుషుల్ని చేసిన మాస్టార్ల గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మిత్రులు రాస్తున్నారు. అదే 1976లో మరో దేశంలో బడిపిల్లలు పుస్తకాల సంచులతో వీధిలోకి వచ్చి తుపాకీ గుళ్ళకు ఎదురు నిలిచారు. ఆ సంగతి గురించి నేను రాయదలచాను. దానికీ యాభై ఏళ్ళు నిండుతున్నాయి. అది దక్షిణాఫ్రికా కథ. మనం చదువుకున్న సాంఘిక శాస్త్రం పుస్తకంలో దక్షిణాఫ్రికా అంటే గాంధీజీని రైలు నుంచి దింపేసిన సంఘటన ఒక్కటే. 1893 జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో జరిగిన ఆ అవమానానికి ముందు, తరువాత ఆ దేశంలో ఏం జరిగిందో, అందులో మన తెలుగువాళ్ళు ఎక్కడున్నారో మనకు ఎవరూ చెప్పలేదు.

మద్రాసు నుంచి వెళ్ళిన ఓడ

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పట్లో బ్రిటిష్ వలసగా ఉన్న నేటాల్ ప్రాంతంలో చెరకు తోటల పనికి వాళ్ళను తీసుకెళ్ళారు. అక్కడి జులూ ప్రజలకు సొంత పొలాలు, పశువులు ఉండటంతో తోటల యజమానులు ఇచ్చే కూలికి పనిచేయడానికి వాళ్ళు ముందుకు రాలేదు. అందుకే తోటల యజమానులు సముద్రం ఇవతల మనుషుల కోసం వెతికారు.

ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. తిండి, ఉండడానికి చోటు తోటలోనే. 1911 వరకు ఇలా సుమారు 1,52,000 మంది వెళ్ళారు. వారిలో మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే ఓడ ఎక్కారు. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాట్ జిల్లాల తెలుగువాళ్ళూ వారిలో ఉన్నారు. 1876-78 నాటి పెద్ద కరువు, అప్పులు, ఊళ్ళో కులం పెట్టిన ఇబ్బందులు, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. ఓడ రిజిస్టర్లలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసుకున్నారు. ఇప్పుడు అక్కడి నాలుగో తరం, ఐదో తరం వాళ్ళు తాతల ఊరు వెతుక్కోవాలంటే ఆ రిజిస్టర్లే ఆధారం.

‘కూలి’ అన్న మన మాట అక్కడికి వెళ్ళి తిట్టుగా మారింది. లాయరైనా, వ్యాపారి అయినా, బడిపంతులైనా తెల్లవాళ్ళ నోట అందరూ కూలీలే. ఒప్పందం ముగిసిన మనిషి తిరిగి ఒప్పందం రాసుకోవాలి, లేదా ఇండియా వెళ్ళిపోవాలి, రెండూ కాకుండా అక్కడే స్వతంత్రంగా బతకాలంటే ఏడాదికి 3 పౌండ్ల తలపన్ను కట్టాలి అని 1895లో చట్టం చేశారు. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. కొత్తగా వచ్చిన కూలీకి అది ఆరు నెలల జీతం. తరువాత 16 ఏళ్ళు దాటిన మగపిల్లలకూ, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లలకూ ఆ పన్ను వేశారు. 1913లో గనుల కార్మికులు, తోట కూలీలు పనులు మానేశారు. నవంబరులో రెండు వేల మందికి పైగా గాంధీజీ వెంట నేటాల్ సరిహద్దు దాటి నడిచారు. 1914లో పన్ను రద్దయింది. చరిత్ర గాంధీజీ పేరు రాసుకుంది. జైలుకు వెళ్ళిన, దెబ్బలు తిన్న కూలీల పేర్లు చాలావరకు ఆ నంబర్ల దగ్గరే ఆగిపోయాయి.

బడి గుమ్మం దగ్గర

పన్ను పోయింది కానీ బడి తలుపు తెరుచుకోలేదు. మొదట్లో భారతీయ పిల్లలకు క్రైస్తవ మిషనరీలు నడిపిన చిన్న బడులే దిక్కు. కొద్దిమంది పిల్లలు తెల్లవారి ప్రభుత్వ బడుల్లో చేరగలిగారు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ దారీ మూసేశారు. దానికి బదులుగా 1899లో డర్బన్‌లో భారతీయుల కోసం విడిగా ‘హయ్యర్ గ్రేడ్ ఇండియన్ స్కూల్’ పెట్టారు. గాంధీజీ తన పిల్లల్ని తెల్లవారి బడిలో ప్రత్యేక అనుమతితో చేర్పించగలిగేవారే. తక్కిన భారతీయ పిల్లలకు లేని సదుపాయం తన పిల్లలకు అక్కర్లేదని ఆయన ఒప్పుకోలేదు.

ప్రభుత్వం బడులు కట్టకపోతే జనమే కట్టుకున్నారు. నేటాల్‌లో భారతీయుల బడుల్లో ఎక్కువ భాగం ‘ఎయిడెడ్’ బడులే. కూరగాయలు పండించి తలమీద బుట్టతో వీధులు తిరిగి అమ్మినవాళ్ళు, రైల్వేలో, తోటల్లో పనిచేసేవాళ్ళు చందాలు వేసుకుని స్థలం, గదులు సమకూర్చితే ప్రభుత్వం కొంత సాయమూ, జీతాల గ్రాంటూ ఇచ్చేది. హైస్కూలు చదువు కావాలంటే ఇంకా కష్టం. భారత ప్రభుత్వ ప్రతినిధిగా 1927లో అక్కడికి వెళ్ళిన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి పూనుకుని, భారతీయుల నుంచే విరాళాలు సేకరించి డర్బన్‌లో ఒక ఉన్నత పాఠశాలకు పునాది వేయించారు. 1929-30లో మొదలైన ఆ ‘శాస్త్రి కాలేజీ’ నుంచే ఆ తరం ఉపాధ్యాయులు, వకీళ్ళు, డాక్టర్లు ఎందరో వచ్చారు. బడి ఇంగ్లీషులో సాగింది కాబట్టి తెలుగు ఇంట్లోనూ గుడిలోనూ మిగిలింది. దాన్ని కాపాడుకోవడానికి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది.

చట్టమే మనిషి రంగు రాసింది

వివక్ష అంతకు ముందే ఉంది. నల్లజాతి ప్రజల పరిస్థితి భారతీయుల కంటే ఎంతో ఘోరం. 1913 నాటి భూమి చట్టం దేశంలోని అత్యధిక సంఖ్యాకులైన ఆఫ్రికన్లకు దాదాపు 7 శాతం భూమినే కేటాయించింది. 1936లో దాన్ని సుమారు 13 శాతం వరకు పెంచారు. మిగిలిన చోట వాళ్ళు భూమి కొనడానికి వీల్లేదు. తాతల నాటి పొలంలోనే ఒక్క చట్టంతో పరాయివాళ్ళయ్యారు.

1948లో నేషనల్ పార్టీ అధికారానికి వచ్చాక అంతవరకు అక్కడక్కడా ఉన్న వివక్ష ఒక పూర్తి వ్యవస్థ అయింది. దాని పేరు అపార్తీడ్. ఆ మాటకు అర్థం ‘వేరుగా ఉండటం’. 1950లో ప్రతి మనిషినీ తెల్లవారు, ఆఫ్రికన్లు, ‘కలర్డ్’ అనే మిశ్రమ జాతివారు అని విడదీసి నమోదు చేసే చట్టం వచ్చింది. భారతీయులు కొంతకాలానికి విడి వర్గమయ్యారు. మనిషి ఎక్కడ ఉండాలి, ఏ బడిలో చదవాలి, ఎవరిని పెళ్ళాడాలి, ఏ బెంచీ మీద కూర్చోవాలి అన్నీ ఆ ఒక్క మాటను బట్టే.

అదే ఏడు వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఊళ్ళను విడగొట్టింది. కేప్‌టౌన్‌లో ‘డిస్ట్రిక్ట్ సిక్స్’ అనే పాత పేటలో అన్ని రకాల జనం తరాలుగా కలిసి బతికారు. 1966లో దాన్ని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి 60,000 మందికి పైగా ఖాళీ చేయించి, ఇళ్ళను బుల్‌డోజర్లతో కూల్చారు. డర్బన్‌లో కేటో మేనర్‌లో మనవాళ్ళు తోటలు వేసుకుని, గుళ్ళు, బడులు కట్టుకున్నారు. వారి స్థలాల్లో ఆఫ్రికన్లు గుడిసెలు వేసుకుని అద్దెకు ఉండేవారు. ఆఫ్రికన్లను క్వామాషు వంటి కాలనీలకు, భారతీయులను చాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్స్‌కు తరలించారు. 1960 నుంచి 1983 వరకు దేశమంతటా ఇలా కదిలించిన వారు దాదాపు 35 లక్షల మంది అని ఒక ప్రముఖ పరిశోధన లెక్క తేల్చింది.

ఇల్లు పోతే ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు అనుకుంటాం. కానీ ఒక పేట పోతే అరువిచ్చే కొట్టు, పని చూపించే పక్కింటాయన, పిల్లల్ని చూసుకునే ముసలమ్మ, నడిచి వెళ్ళగలిగే బడి అన్నీ ఒక్కసారే పోతాయి. కొత్త కాలనీలు పని దొరికే చోట్లకు దూరం. ఉమ్మడి కుటుంబాలు చిన్న క్వార్టర్లలో చీలిపోయాయి. జనం వచ్చినంత వేగంగా బడులు రాలేదు కాబట్టి పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచిగా పిల్లలకు చదువు చెప్పారు. రంగుల లెక్క కాలేజీలకూ పాకింది. 1959 చట్టంతో విశ్వవిద్యాలయాలు విడిపోయాయి. 1961లో భారతీయుల కోసం పెట్టిన యూనివర్సిటీ కాలేజీ డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవిలో ఉండేది.

నడిమి మెట్టు

ఈ నిచ్చెనలో భారతీయులు నడిమి మెట్టు మీద ఉన్నారు. పై మెట్టు వాళ్ళు తొక్కారన్నది నిజం. కింది మెట్టు మీద ఉన్నవాళ్ళకు దగ్గరలో కనిపించిన కాలు మనవాళ్ళదే అన్నదీ నిజమే. నల్లజాతి కూలీకి బంగారు గని యజమాని ఎప్పుడూ ఎదురుపడడు. అంగట్లో ధర చెప్పే భారతీయుడు, అద్దె వసూలు చేసే భారతీయుడు రోజూ ఎదురుపడతాడు. మనవాళ్ళలో చాలామంది ఆఫ్రికన్లను తక్కువ చూపు చూశారన్నది కూడా దాచవలసిన విషయం కాదు.

1949 జనవరిలో డర్బన్‌లో ఒక భారతీయ దుకాణదారుకూ ఒక ఆఫ్రికన్ కుర్రాడికీ జరిగిన తగాదా అల్లర్లకు దారితీసింది. 142 మంది చనిపోయారు. వారిలో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. అల్లర్లకు రెండేళ్ళ ముందు, 1947లో, ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమా, భారతీయ నాయకులు డాక్టర్ దాదూ, డాక్టర్ నైకర్ కలిసి పనిచేస్తామని ఒప్పందం రాసుకున్నారు. ముగ్గురూ డాక్టర్లే కాబట్టి దానికి ‘డాక్టర్ల ఒప్పందం’ అని పేరు. అల్లర్ల తరువాత కూడా ఆ స్నేహం తెగలేదు. తరువాతి పోరాటాలన్నిటికీ అది పునాది అయింది.

చదువుకు సంబంధించి ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నేటాల్ విశ్వవిద్యాలయం తెల్లవారు కానివారి కోసం 1951లో డర్బన్‌లో ఒక వైద్య కళాశాల తెరిచింది. ఆఫ్రికన్లు, భారతీయులు, కలర్డ్ విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చున్న అరుదైన చోటు అది. అక్కడ చదువుతున్న స్టీవ్ బీకో, మిత్రులు 1960ల చివర విద్యార్థి సంఘం పెట్టి, వివక్షకు గురైన వాళ్ళందరం ‘నల్లవాళ్ళమే’, ప్రభుత్వం పంచి ఇచ్చిన పేర్లు మాకొద్దు అన్నారు. విడగొట్టడానికి పెట్టిన కాలేజీయే కలిపింది. బీకో 1977 సెప్టెంబరు 12న పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. వయసు 30 ఏళ్ళు.

నల్లపిల్లలకు లెక్కలెందుకు?

1953లో ‘బంటూ విద్యా చట్టం’ వచ్చింది. దాని రూపకర్త, ఆఫ్రికన్ వ్యవహారాల మంత్రి వెర్‌వోర్డ్. ఆఫ్రికన్ పిల్లవాడు పెద్దయ్యాక తెల్లవారి సమాజంలో కూలిపని దాటి పైకి పోయే అవకాశం లేనప్పుడు వాడికి గణితం నేర్పి ఏం లాభం అన్నది ఆయన వాదన. పార్లమెంటులోనే దాపరికం లేకుండా చెప్పాడు. ఇది బడులకు డబ్బు చాలక జరిగిన అన్యాయం కాదు. పిల్లవాడు ఎంతవరకు ఎదగాలో ముందే కొలిచి, అంతవరకే నేర్పాలని వేసుకున్న పథకం.

మిషనరీ బడులు అంతవరకు ఆఫ్రికన్ల చదువుకు ప్రాణాధారం. నెల్సన్ మండేలా హీల్డ్‌టౌన్‌లో, ఆల్బర్ట్ లుథులీ ఆడమ్స్ కాలేజీలో చదివిన చదువు అక్కడిదే. ఆఫ్రికా ఖండం నుంచి నోబెల్ శాంతి బహుమతి పొందిన మొదటివాడు లుథులీ, ఆడమ్స్ కాలేజీలోనే పాఠాలు చెప్పిన మాస్టారు. ప్రభుత్వం గ్రాంట్లు తీసేయడంతో ఆ బడుల్లో చాలావరకు మూతపడ్డాయి, లేదా ప్రభుత్వం చేతికి పోయాయి. డెస్మండ్ టుటు అప్పుడు యువ ఉపాధ్యాయుడు. ఈ సిలబస్ నేను చెప్పలేనని ఉద్యోగం వదిలేసి మతబోధకుడు అయ్యారు. ఉద్యోగంలో ఉండిపోయిన వేలమంది ఉపాధ్యాయులనూ మనం తక్కువ చేయకూడదు. తక్కువ జీతానికి, ఒక్కొక్కరు యాభై మందికి పైగా పిల్లల్ని పెట్టుకుని, సిలబస్‌లో లేనిది కూడా నేర్పినవాళ్ళు వారిలో ఉన్నారు. రెండో తరహా ధైర్యం గురించి చరిత్ర పుస్తకాలు తక్కువ రాస్తాయి.

1975-76లో ప్రభుత్వం ఒక్కో తెల్ల విద్యార్థి మీద ఏడాదికి 644 రాండ్లు ఖర్చు పెట్టింది. ఒక్కో ఆఫ్రికన్ విద్యార్థి మీద 42 రాండ్లు. అంటే పదిహేను రెట్ల తేడా. భారతీయ, కలర్డ్ పిల్లలు ఈ రెండింటికీ మధ్యలో ఉన్నారు. పైగా తెల్లపిల్లలకు చదువు ఉచితం, నిర్బంధం. ఆఫ్రికన్ తల్లిదండ్రులు మాత్రం పుస్తకాలు కొనుక్కోవాలి, బడి గదులకు చందాలు ఇవ్వాలి.

1976 జూన్ 16

జొహానెస్‌బర్గ్ పక్కన సొవెటో అనే నల్లవారి బస్తీ ఉంది. లెక్కలు, సాంఘిక శాస్త్రం వంటి సబ్జెక్టులు ఇకపై ఆఫ్రికాన్స్ భాషలో చెప్పాలని ప్రభుత్వం ఆదేశించింది. అది పాలకుల భాష. పిల్లలకు రాదు. పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయులకే చాలామందికి రాదు. అర్థంకాని భాషలో లెక్క చెప్పడమంటే లెక్క తీసేయడమే. విజ్ఞాపనలు ఇచ్చి, తరగతులు బహిష్కరించి విసిగిపోయిన విద్యార్థులు ఆ రోజు వేల సంఖ్యలో యూనిఫారాల్లో ఊరేగింపుగా బయలుదేరారు. చేతుల్లో అట్టముక్కల మీద రాసుకున్న నినాదాలు. ఓర్లాండో వెస్ట్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పన్నెండేళ్ళ హెక్టర్ పీటర్సన్ చనిపోయాడు. అతన్ని చేతుల మీద మోసుకుని పరుగెత్తుతున్న కుర్రాడినీ, పక్కనే ఏడుస్తూ పరుగెత్తుతున్న అక్కనూ సామ్ న్జీమా ఫోటో తీశాడు. మరునాటికి ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది.

అల్లర్లు దేశమంతా పాకాయి. 1977 ఫిబ్రవరి వరకు 575 మంది చనిపోయారని ప్రభుత్వం వేసిన కమిషనే లెక్కగట్టింది. వారిలో చాలామంది చదువుకునే వయసు పిల్లలు. ఆఫ్రికాన్స్ ఆదేశాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. కానీ ఆ తరం మళ్ళీ మామూలుగా బడికి వెళ్ళలేదు. వేలమంది దేశం దాటి పోరాటంలో కలిశారు. ఇంకెందరో చదువు అక్కడితో ఆపేశారు. ఇప్పుడు జూన్ 16 అక్కడ యువజన దినం, ఆఫ్రికా ఖండమంతా బాలల దినం.

చట్టం పోయాక

1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవారూ ఓటు వేశారు. మండేలా అధ్యక్షుడయ్యారు. 1996 రాజ్యాంగంలో మనకు ముచ్చటైన మాట ఒకటుంది. దేశంలో వాడుకలో ఉన్న భాషలను గౌరవించి ప్రోత్సహించాలని చెబుతూ, ఆరో సెక్షన్‌లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు పేరు కూడా రాశారు. నంబరు తగిలించుకుని ఓడ ఎక్కినవాళ్ళ భాష ఆ దేశపు రాజ్యాంగంలోకి ఎక్కింది.

అదే ఏడు వచ్చిన పాఠశాలల చట్టం రంగును బట్టి బడి అన్న పద్ధతిని రద్దు చేసింది. అయితే పాతకాలపు తెల్లవారి బడులకు మంచి భవనాలు, ఆటస్థలాలు, ప్రయోగశాలలు, అనుభవమున్న ఉపాధ్యాయులు అప్పటికే ఉన్నారు. ఫీజులు వసూలు చేసుకునే వీలూ ఉంది. కట్టగలిగిన కుటుంబాలు ఏ రంగువారైనా అక్కడ చేరారు. కట్టలేనివారి పిల్లలు పాత బస్తీల బడుల్లోనే మిగిలారు. 2007 నుంచి పేద ప్రాంతాల బడుల్లో ఫీజు తీసేశారు, అది పెద్ద మేలు. అయినా 2021లో జరిగిన అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివింది అర్థం చేసుకోలేకపోయారు. 2014లో లింపోపో రాష్ట్రంలో ఐదేళ్ళ పిల్లవాడు బడి మరుగుదొడ్డి గుంటలో పడి చనిపోయాడు. ఆ బడిని చట్టం ఇప్పుడు ఎవరికీ నిషేధించలేదు. కానీ అక్కడ గుంట ఎందుకుందో తెలియాలంటే 42 రాండ్ల రోజుల్లోకి వెళ్ళాలి.

మనుషుల మధ్య గీసిన గీతలూ అంత తేలిగ్గా చెరగలేదు. 2021 జూలైలో అల్లర్లు చెలరేగినప్పుడు భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో జనం సొంతంగా కాపలాలు పెట్టుకున్నారు. ఆ హింసలో అక్కడ 36 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆఫ్రికన్లు. పక్కపక్కనే ఉన్న రెండు బస్తీలు ఒకరికొకరు తెలియకుండా పెరిగేలా గీత గీసినవాళ్ళు ఎప్పుడో పోయారు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న పిల్లలే బలి అయ్యారు.

మనకు ఇందులో ఏముంది?

జాతి వేరు, కులం వేరు, రెండు దేశాల చరిత్ర వేరు. ఒకదాన్ని ఇంకొకదానితో గుడ్డిగా పోల్చను. అయితే పిల్లవాడు ఎంతవరకు చదవాలో వాడు పుట్టిన ఇంటిని బట్టి పెద్దలు ముందే తేల్చేయడం మనకు తెలియని సంగతి కాదు. ఆ తేల్చడం చట్టం రూపంలో ఉంటే రద్దు చేయవచ్చు. భవనాలు, భూములు, అలవాట్లు, ‘వీడికి లెక్కలెందుకులే’ అన్న ఒక మాట, వీటి రూపంలో మిగిలితే దాన్ని పోగొట్టడానికి తరాలు పడుతుంది. మాస్టార్లు దీన్ని మనందరికంటే బాగా ఎరుగుదురు.

స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం వారికి ఒక మనవి. మన బడి ఆఫీసు బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. శిథిలం కాకముందే వాటిని ఫోటో తీయించి, ఏ ఏట ఏ పేట నుంచి, ఏ పల్లె నుంచి ఎంతమంది చేరారు, వారిలో పదో తరగతి దాకా వచ్చినవారెందరు, మధ్యలో ఆగినవారెందరు అని ఒక పట్టిక వేయిద్దాం. సాంఘిక శాస్త్రం చదువుతున్న ఇప్పటి పిల్లలకే ఆ పని అప్పగించవచ్చు. ఈ సంచికలో రాస్తున్న మనమంతా చివరిదాకా చదివినవాళ్ళం. ఆరో తరగతిలోనో, ఏడో తరగతిలోనో మన బెంచీ మీద నుంచి లేచి వెళ్ళి మళ్ళీ రానివాళ్ళ పేర్లు ఆ రిజిస్టర్లలో ఉన్నాయి. సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఏ వీధికి ముందు చేరాలో ఆ పట్టికే చెబుతుంది.